కనపడని నొప్పికి కాగితం కావాలి

ఇంట్లో అందరూ పడుకున్నాక మొదలవుతుంది కదూ ఆ మంట? పగలంతా ఏదో ఒక పనిలో పడి ఓర్చుకుంటాం. లైటు ఆపి పక్కమీద వాలామో లేదో, వేలి చివర నుంచి మోచేతి దాకా జివ్వున లాగుతుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడుతుంది. గాయమా, ఎప్పుడో మానింది. కుట్లు విప్పి నెలలు దాటింది. "మానింది కదా, ఇంకా ఏంది నొప్పి?" అని అత్తగారు అడుగుతుంది. పనికి ఎప్పుడొస్తావని మేస్త్రీ అడుగుతాడు. అందరూ అలా అడగ్గా అడగ్గా మనకే అనుమానం పుడుతుంది, నిజంగా నొప్పి ఉందా, నేనే ఊహించుకుంటున్నానా అని.

ఉందమ్మా. నిజంగానే ఉంది. ముందు ఆ అనుమానం తీసి అవతల పెట్టు. టీ పెట్టుకుని ఇలా కూర్చో, మాట్లాడుకుందాం. దెబ్బ నీకే తగిలి ఉండొచ్చు, మీ ఆయనకు తగిలి ఉండొచ్చు. ఎవరికి తగిలినా బాధ ఇంటిల్లిపాదిదీ కదా.

మన మార్కాపురం ప్రాంతంలో చేతులు నలగని ఇల్లు ఎన్నని చెప్పను? తెలుగునాట ఎన్ని తరాలు మార్కాపురం పలక మీద అ ఆలు దిద్దుకున్నాయో! ఆ రాయి తవ్వి, పొరలు చీల్చి, కోసి, నున్నగా చేసి, చట్రం బిగించింది మనవాళ్ళే. 1988లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మికుల కోసం జాతీయ ప్రాజెక్టు మొదలుపెడితే, దేశం మొత్తంలో ముందుగా ఎంచుకున్న కొద్ది చోట్లలో మార్కాపురం ఒకటి. ఈ పలకల పని వల్లే. అప్పుడు రాళ్ళ మధ్య కూర్చున్న ఆ పిల్లలకు ఇప్పుడు నలభైలు, యాభైలు. పలకలు తగ్గాయి, రాతి పని మాత్రం పోలేదు. కొందరు ఇప్పటికీ కటింగ్ మిషన్ల దగ్గరే ఉన్నారు. కొందరు చీమకుర్తి గ్రానైట్ క్వారీలకు పోయారు. గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వైపు నుంచి ఎంతమంది హైదరాబాదుకు, బెంగళూరుకు బిల్డింగు పనులకు వెళ్ళారో నీకు నేను చెప్పాలా? వాన సరిగ్గా పడని నేల మనల్ని అట్టా పంపింది. అక్కడ రాయి జారి వేళ్ళు నలుగుతాయి. పరంజా మీంచి పడతారు. బస్తా ఎత్తబోతే నడుంలో కలుక్కుమంటుంది. డ్రిల్లింగు మిషను అదురు ఏళ్ళ తరబడి తగిలి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

ఇంతకీ గాయం మానాక నొప్పేంటి అంటావా? చర్మం, ఎముక మానినంత తొందరగా నరం మానదు. బాగా కుదిరినప్పుడు కూడా రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. మణికట్టు దగ్గర దెబ్బతిన్న నరం వేలి కొసకు చేరాలంటే నెలలు పట్టదూ? పైతొడుగు ఊడిన కరెంటు తీగ ఎట్టా ఉంటుంది, దెబ్బతిన్న నరం కూడా అంతే. ఎవరూ తాకకపోయినా మెదడుకు 'మంట, మంట' అని కబురు పంపుతూనే ఉంటుంది. ఇది ఈనాటి జబ్బు కాదు. అమెరికా అంతర్యుద్ధంలో తూటా గాయాలు మానాక కూడా చేతులు కాలిపోతున్నాయని సైనికులు అల్లాడితే, వాళ్ళకు వైద్యం చేసిన సైలస్ వైర్ మిచెల్ అనే డాక్టరు 1872లో నరాల గాయాల మీద ఒక పుస్తకమే రాశాడు. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంస్థ 2020లో నొప్పి నిర్వచనాన్ని మళ్ళీ రాసినప్పుడు, మనిషి నొప్పిగా ఉందని చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టంగా చేర్చింది. ఎవరైనా నటన అంటే ఈ సంగతి గుర్తు తెచ్చుకో.

సరే, ఇప్పుడు మందుల సంగతి. మనం ఏం చేస్తాం? మెడికల్ షాపుకు పోయి నొప్పి బిళ్ళలు తెచ్చుకుంటాం. తగ్గకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది. ఆ తర్వాత 'నరాల బలానికి' ఎర్ర సూదులు. నా మాట విని ఇది ఈ రోజుతో ఆపెయ్యి. మామూలు నొప్పి బిళ్ళలు నరాల నొప్పికి పెద్దగా పనిచేయవు, కానీ రోజూ మింగితే కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఫ్లోరైడు నీళ్ళతో, కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే మన ప్రాంతంలో ఆ రిస్కు మనకెందుకు? పిరుదు మీద తప్పు చోట పొడిచిన సూది వల్ల కాలి నరమే దెబ్బతిని పాదం వాలిపోయిన వాళ్ళూ ఉన్నారు. బి12 తక్కువగా ఉందని రక్తపరీక్షలో తేలితే ఆ ఎర్ర సూదులు మంచివే. తేలకుండా ఎన్ని పొడిపించుకున్నా ఏం లాభం?

నరాల నొప్పికి మందులు వేరే ఉన్నాయి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటివి. ఏది, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. మార్కాపురం పెద్దాసుపత్రిలో ముందు చూపించుకో. పెద్ద పరీక్షలు కావాలంటే ఒంగోలు, గుంటూరు సర్కారు ఆసుపత్రులున్నాయి. గిద్దలూరు వాళ్ళకైతే నంద్యాల మీదుగా కర్నూలు దగ్గర. డాక్టరు అమిట్రిప్టిలిన్ రాస్తే, చీటీ చూసిన ఎవరో "ఇది మనసు జబ్బుకిచ్చే మందు" అంటారు. కంగారు పడకు. చిన్న మోతాదులో నరాల నొప్పికి ఏళ్ళుగా ఇస్తున్నదే. రాత్రిపూట వేసుకుంటే నిద్రా పడుతుంది. రెండు రోజుల్లో గుణం కనపడలేదని మానొద్దు, వారాలు పడుతుంది. మొదట్లో మత్తుగా, తల తిరిగినట్టుగా ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో నిచ్చెన ఎక్కొద్దు, మిషను దగ్గర కూర్చోవద్దు. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపొద్దు. కడుపుతో ఉంటే ముందే డాక్టరుకు చెప్పు. ఈ మందులతో నొప్పి పూర్తిగా పోకపోవచ్చు. సగానికి తగ్గినా కంటికి కునుకు పడుతుంది, పొద్దున్నే పిల్లల మీద అరవకుండా ఉంటాం. అది చిన్న సంగతా?

షుగరు కూడా చూపించుకో. షుగరు వల్లా నరాలు మండుతాయి. రేపు పరిహారం అడిగినప్పుడు అవతలివాళ్ళు "ఇది దెబ్బ వల్ల కాదు, షుగరు వల్ల" అనే అవకాశం ఉంది. ఆ పరీక్ష కాగితం ముందే చేతిలో ఉంటే మంచిదే కదా.

దెబ్బ తగిలిన చెయ్యి వాచి, రంగు మారి, ఒకసారి వేడిగా ఒకసారి చల్లగా ఉంటూ, చర్మం మెరుస్తూ, తాకితే భరించలేకుండా ఉందనుకో, ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. నడుం దెబ్బలో అయితే కాళ్ళు పట్టు తప్పినా, ఒంటికి రెంటికి తెలియకపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఆ పూటే పెద్దాసుపత్రికి.

ఇంట్లో చేసుకునేవీ ఉన్నాయి. నొప్పి అని చెయ్యిని గుడ్డతో కట్టి గుండెకు ఆనించి పెట్టుకుంటాం. అట్టా కాదమ్మా. కదలకపోతే కీళ్ళు బిగుస్తాయి, నొప్పి ముదురుతుంది. మెత్తటి పాత నూలు చీర ముక్కతో ఆ చోట నెమ్మదిగా రుద్దు, రోజుకు రెండు మూడు సార్లు, కొద్ది నిమిషాలు చాలు. అలవాటయ్యాక తువ్వాలు, ఆ తర్వాత ఇంకాస్త గరుకు గుడ్డ. నరానికి తాకిడి మళ్ళీ నేర్పిస్తున్నామన్నమాట. వేడి కాపడం మాత్రం వద్దు. స్పర్శ తెలియని చోట చర్మం కాలినా మనకు తెలియదు. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు బిందె నిండా పట్టి ఆ చేత్తోనే ఎత్తొద్దు. సగం బిందెలే మొయ్యి, ఇంకో చెయ్యి వాడు, పెద్దపిల్లాణ్ణి పిలువు. పిలిస్తే రాడా?

ఇక అసలు గుండెల్లో ఉన్న ముల్లు తీద్దాం. "తప్పు నాదే అక్కా, నేనే సరిగ్గా చూసుకోలేదు" అంటావు కదూ? పని చేసే మనిషి ఏదో ఒక క్షణం ఏమరుపాటుగా ఉండడం సహజం. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలనే చట్టం 1923లోనే వచ్చింది. తప్పెవరిదని తేల్చాకే డబ్బివ్వాలని అందులో లేదు. తాగి పనిచేయడం, కావాలని భద్రత ఏర్పాటును పీకేయడం లాంటివి ఉంటేనే పేచీ. మామూలు ఏమరుపాటుకు హక్కు పోదు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. దెబ్బ తగిలిన తేదీ అంతకు ముందుదా, తర్వాతదా అన్నదాన్ని బట్టి ఏ చట్టం వర్తిస్తుందో లేబర్ ఆఫీసులో అడిగి రాయించుకో. నేను చెప్పే మూల సంగతులు రెండిటిలోనూ ఉన్నాయి.

అడిగితే ఓనరుకు కోపం వస్తుందేమో అని జంకుతున్నావా? ఆసుపత్రికి కారులో తీసుకెళ్ళింది ఆయనే, మొదటి బిల్లు కట్టిందీ ఆయనే కావచ్చు. ఆ మంచితనాన్ని ఎవరూ కాదనడం లేదు. ఇన్సూరెన్సు చేయించి ఉంటే డబ్బు కట్టేది కంపెనీ. మర్యాదగా అడగొచ్చు, రాసి అడగొచ్చు. రాసి అడగడం అంటే కొట్లాట కాదు. వైద్యానికి నిజంగా అయిన ఖర్చు కూడా పనిచ్చినవాళ్ళే భరించాలని చట్టంలో ఉంది. బిల్లులు పారేయకు తల్లీ, మందుల షాపు చీటీతో సహా.

ఇప్పుడు డబ్బు లెక్క, కాస్త ఓపికగా విను. శాశ్వతంగా పని పూర్తిగా పోతే, నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణిస్తారు. 35 ఏళ్ళకు ఆ అంకె 197.06, 40కి 184.17, 50కి 153.09. 35 ఏళ్ళ మనిషికి నెలకు 12,000 వస్తుందనుకో. అందులో 60 శాతం 7,200. గుణిస్తే 14,18,832 రూపాయలు. పని కొంతే పోతే అందులో అంత శాతం. సంపాదించే శక్తి 20 శాతం పోయిందంటే 2,83,766. 50 శాతం పోయిందంటే 7,09,416. చూశావా, ఒక్క శాతం అంకె దగ్గర నాలుగు లక్షలకు పైగా తేడా! ఇంకా కోలుకుంటూ పనికి పోలేని రోజుల్లో పదిహేను రోజులకోసారి నెల జీతంలో పావు వంతు ఇవ్వాలి, అయిదేళ్ళు దాటకుండా. పరిహారం ఇవ్వాల్సిన రోజు నుంచి నెలలోపు ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అసలులో సగం దాకా జరిమానా.

ఆ శాతం ఎవరు తేలుస్తారు? బొటనవేలు పోతే 30, చూపుడువేలు మొత్తం పోతే 14 అని చట్టంలో ఒక జాబితా ఉంది. నరాల నొప్పి ఆ జాబితాలో లేదు. వేలు ఉంది, నొప్పి ఉంది, పని లేదు. ఇలాంటప్పుడు డాక్టరు చూసి సంపాదించే శక్తి ఎంత తగ్గిందో చెప్పాలి. ఒంట్లో లోపం ఎంత అన్నది వేరు, చేసే పని ఎంత పోయింది అన్నది వేరు. ఒడిశాలో శ్రీనివాస్ సబత అనే వడ్రంగి పనిలో కింద పడితే ఎడమచెయ్యి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. పూర్తిగా అశక్తుడు కాడని యజమాని వాదించాడు. ఒంటి చేత్తో వడ్రంగం ఎలా చేస్తాడు, అతని పని మొత్తం పోయినట్టే అని 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన చేతికీ అదే ప్రశ్న వర్తిస్తుంది. రాయి పట్టుకోలేని చెయ్యి రాతిపనికి ఎంత పనికొస్తుంది?

కాబట్టి డాక్టరు దగ్గర "నొప్పిగా ఉంది సార్" అని ఊరుకోవద్దు. ఏ పని చెయ్యలేకపోతున్నామో చెప్పాలి. సుత్తి ఎంతసేపు పట్టుకోగలను, చొక్కా గుండీ పెట్టుకోగలనా లేదా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాను, ఏ మందు వేస్తే ఎంత మత్తు. చీటీలో అది రాయమని అడుగు. నరాల పరీక్ష చేయిస్తే రిపోర్టు దాచు. కానీ సన్న నరాల దెబ్బ ఆ పరీక్షలో కనపడకపోవచ్చు. నార్మల్ అని వచ్చిందని కుంగిపోకుండా, "మరి ఈ మంటకు కారణం ఏంటో రాయండి సార్" అని నెమ్మదిగా అడుగు.

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకో. రోజూ పడుకోబోయే ముందు తేదీ వేసి మూడు లైన్లు రాయి. ఈ రోజు నొప్పి పదికి ఎంత, ఏ పని ఆగిపోయింది, ఎంత ఖర్చయింది. రాయడం రాకపోతే పిల్లతో రాయించు. ఎక్కువ చేసి రాయొద్దు. తక్కువ ఉన్న రోజు తక్కువనే రాయి, అప్పుడే ఆ పుస్తకానికి విలువ. బయటికి కనపడని నొప్పికి మన దగ్గర ఉండే సాక్ష్యం అదేనమ్మా. దానితోపాటు ఆసుపత్రిలో మొదటి రోజు రాసిన కాగితం, డిశ్చార్జి చీటీ, పక్కన పనిచేసిన వాళ్ళ పేర్లు, కూలి ఎంత వచ్చేదో చూపించే మేస్త్రీ పుస్తకం ఫోటో, ఫోన్‌పేలో పడ్డ డబ్బుల మెసేజీలు. కూలి రుజువు కాకపోతే లెక్కంతా కిందికి జారిపోతుంది.

కాంట్రాక్టరు పత్తా లేకుండా పోయాడా? పని అప్పజెప్పిన అసలు యజమాని మీద కూడా అడగొచ్చు. దెబ్బ హైదరాబాదులో తగిలింది, మనమేమో తర్లుపాడులో ఉన్నాం అని వదిలేయకు. మనం ఉండే చోటి పరిధిలో పరిహారం తేల్చే అధికారి దగ్గరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. రెండేళ్ళ లోపు పెట్టాలి. దాటినా సరైన కారణం చూపిస్తే తీసుకునే వీలుంది, కానీ అంతదాకా ఎందుకు తెచ్చుకోవాలి? జీతంలో ఈఎస్‌ఐ కోసుకుంటుంటే మాత్రం దారి వేరు. పరిహారం ఈఎస్‌ఐ నుంచే వస్తుంది, వాళ్ళ మెడికల్ బోర్డు శాతం తేలుస్తుంది.

ఎవరైనా పదివేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటే? డబ్బు అవసరమే, నాకు తెలుసు. పిల్లల ఫీజులు, చీటీ వాయిదాలు. అయినా సంతకం వద్దు. హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు, నిజమే. అయితే పెట్టాక పోరాడటం కంటే పెట్టకుండా ఉండటం తేలిక కదా? తీసుకున్న డబ్బు ఎందుకో, ఎంతో రాసి, ఒక నకలు మన దగ్గర పెట్టుకుందాం.

లాయరు ఖర్చు గురించి భయపడకు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, పరిశ్రమల కార్మికులకు ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టం ఉంది. మార్కాపురం, గిద్దలూరు కోర్టుల్లో న్యాయసేవల కమిటీని అడుగు, లేదా 15100కు ఫోన్ చెయ్యి. వైకల్యం 40 శాతం లేదా ఆపైన ఉందని సదరం క్యాంపులో తేలితే నెలకు 6,000 పింఛనుకు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వేరు, పరిహారం వేరు. ఒకటి తీసుకుంటే రెండోది పోతుందనే మాట నమ్మకు.

ఏడుపు వస్తే ఏడువు. నొప్పి, అప్పు, నిద్రలేమి మూడూ కలిస్తే ఎంత గట్టి మనిషైనా వాలిపోతుంది. మీ ఆయనకే దెబ్బ తగిలి ఆయన మాటా పలుకూ లేకుండా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడా? మగవాళ్ళు బతికి లాభం లేదు అనే మాట నోటితో అనకుండా లోపలే నలిగిపోతారు. ఆ మాట అన్నా, అన్నట్టు అనిపించినా ఒంటరిగా వదలకు. 14416కు ఫోన్ చెయ్యి, అది మనసు బాధకు సాయం చేసే సర్కారు టెలిమానస్ నంబరు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. నీకోసం కూడా చెయ్యొచ్చు.

ఈ వారంలో డాక్టరు దగ్గరికి వెళ్ళు, వచ్చే సోమవారం లేబర్ ఆఫీసుకు. ఒక్కదానివే వెళ్ళకు, తమ్ముణ్ణో మరిదినో తీసుకెళ్ళు. వాయిదా పడితే నీరసపడొద్దు, పడతాయి. టిఫిన్ బాక్సు, నీళ్ళ సీసా, మధ్యాహ్నం మందు సంచిలో పెట్టుకో. డబ్బు వచ్చిన రోజు ఇల్లు చుట్టాలతో నిండుతుంది. ముందు ఏడాది మందులకు పక్కన పెట్టు, ఆ తర్వాత ఎక్కువ వడ్డీ అప్పు తీర్చు, మిగిలింది దెబ్బ తగిలిన మనిషి పేరునే పోస్టాఫీసులో వెయ్యి. ఎవరైనా చేబదులు అడిగితే, అక్క వద్దందని చెప్పు.